గడప కింద తుప్పు

మిస్త్రీ కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్. దాని పిడితో తలుపుల కింది రేకును తట్టుకుంటూ ముందు చక్రం దగ్గర్నుంచి వెనక చక్రం వైపు జరిగాడు. మొదట్లో గట్టిగా మోగిన రేకు, వెనక తలుపు దగ్గరికొచ్చేసరికి తడిసిన అట్టను కొట్టినట్టు చప్పబడింది. అతను స్క్రూడ్రైవర్‌ని తిప్పి మొనతో మెల్లగా పొడిచాడు. అది పిడి దాకా లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే ఎర్రటి పొడి, దాంతోపాటు ఎండిన మట్టి రాలింది.

"మేడం, ఇన్నాళ్ళూ ఇది పెయింట్ మీద నిలబడ్డది" అన్నాడు.

తుక్కుగూడ నుంచి రావిర్యాల వచ్చే రోడ్డు పక్కన రేకుల షెడ్డు అతనిది. కారు మాది. 1975లో మొదటిసారి రిజిస్టరైన ప్రీమియర్ పద్మిని. మా నాయిన 1996లో దాన్ని రెండో చేతి మీద కొన్నాడు. ఆయన బడిపంతులు. ఆ రోజుల్లో మా వాడకట్టులో కారున్న ఇల్లు మాదొక్కటే. 2023లో నాయిన పోయాక బండి వేపచెట్టు కింద అలాగే ఉండిపోయింది. పోయినేడు దాన్ని బాగు చేయించాలని నేనూ తమ్ముడూ అనుకున్నాం. ఆ ఒక్క విషయంలోనే ఇద్దరం ఏకాభిప్రాయానికి వచ్చాం. ఎందుకు బాగు చేయించాలి, బాగు చేయించడమంటే ఏమిటి అన్న దగ్గర మా దారులు విడిపోయాయి.

అమ్మ కూడా షెడ్డుకి వచ్చింది. వంగి ఆ రంధ్రాన్ని చూసి "గడప పోయిందా?" అని అడిగింది. మిస్త్రీ నవ్వి "రన్నింగ్ బోర్డు అమ్మా" అని సరిదిద్దాడు. అమ్మ మాటే సరైంది. ఇంగ్లీషులో దాన్ని సిల్ అంటారు, ఇంటి తలుపు కింది కమ్మీకి కూడా వాళ్ళకి అదే మాట. అమ్మకి ఇంగ్లీషు రాదు. తలుపు కింద ఉండేది గడప అని మాత్రం ఆమెకు తెలుసు. ప్రతి శుక్రవారం పసుపు రాసి, బొట్లు పెట్టి, ఇంట్లో అందరికన్నా ఎక్కువసార్లు దాని ముందు వంగిన మనిషి ఆమె.

ఈ వ్యాసం ఆ గడప గురించి. దాన్ని కోసి పారేయాలా, దాచుకోవాలా, కప్పిపెట్టాలా అన్న ప్రశ్న గురించి. అది కారుతో మొదలైంది గాని కారుతో ఆగలేదు.

తుప్పు బయటి నుంచి వస్తుందని అనుకుంటాం. ఈ కార్లలో అది ఎక్కువగా లోపల్నుంచి వస్తుంది. సిల్ అంటే ఒక్క రేకు కాదు. బయటి రేకు, లోపలి రేకు కలిపి అతికిన పొడవాటి బోలు పెట్టె. లోపల చేరిన నీళ్ళు కారిపోవడానికి అడుగున చిన్న చిన్న తూములుంటాయి. మట్టి చేరి అవి మూసుకుపోతే చెమ్మ లోపలే నిలుస్తుంది. ఇనుముకి నీరూ గాలీ తోడైతే తుప్పు. అల్యూమినియం మీద ఏర్పడే పొర కింది లోహాన్ని కాపాడుతుంది. తుప్పుకి ఆ గుణం లేదు. పెచ్చులుగా ఊడిపోతూ ఎప్పటికప్పుడు కొత్త ఇనుమును తడికి అప్పగిస్తుంది. తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైన పెయింట్ బొబ్బలెక్కుతుంది. బొబ్బ మన కంటపడేసరికి లోపల జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

నేల రేకుదీ అదే కథ. మ్యాట్లన్నీ తీయించి చూశాం. ముందు, డ్రైవర్ కాళ్ళ కింద రేకు దాదాపు క్షేమంగా ఉంది. వెనక సీటు ముందు, ఎడమ పక్క, జల్లెడ. కింద షెడ్డు నేల కనిపిస్తోంది. అక్కడే ఎందుకు పోయిందో నాకు వెంటనే అర్థమైంది.

1999 జనవరిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలయ్యాయి. సరూర్‌నగర్ రైతుబజారుకి మా ఊరి నుంచి దాదాపు ఇరవై కిలోమీటర్లు. తెల్లారుజామున నాయిన బండి తీసేవాడు. వెనక సీట్లో అమ్మ. ఆమె కాళ్ళ దగ్గర గోనెపట్టాలో తడిపి చుట్టిన కొత్తిమీర, పాలకూర, మెంతికూర. ఆకుకూర వాడిపోకుండా దారిలో కూడా నీళ్ళు చిలకరించేది. ఆ నీళ్ళు పట్టాలోంచి మ్యాట్‌లోకి, మ్యాట్ కింద రేకులోకి దిగేవి. అమ్మని బజారులో దింపి నాయిన బడి వేళకి తిరిగొచ్చేవాడు. అమ్మ మధ్యాహ్నం బస్సులో వచ్చేది. ఇలా ఏడెనిమిదేళ్ళు. నా కాలేజీ ఫీజు, హాస్టల్ ఖర్చు అందులోంచే వచ్చాయి. ఊళ్ళో అందరూ మా కారుని "సారు కారు" అనేవాళ్ళు. సారు కూర్చున్న చోట రేకు బాగుంది. అమ్మ కూర్చున్న చోట లేదు.

అది చూసినప్పుడు ఒక పరిశోధకురాలికి ఏమనిపిస్తుందో నాకూ అదే అనిపించింది. ఏ కాగితమ్మీదా నమోదు కాని శ్రమ ఇనుము మీద నమోదైందని. స్త్రీల చరిత్రకు ఆధారాలు లేవని మనం ఇన్నేళ్ళుగా రాస్తున్నాం కదా, ఇదిగో ఆధారం అని. దాన్ని కోయనివ్వకూడదని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను.

తమ్ముడు కూడా కోయొద్దనే అన్నాడు. కారణం వేరు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్ళు దాటిన బండిని, దాని మూల రూపంలో కాపాడుకుంటూ వస్తే, వింటేజ్‌గా గుర్తిస్తారు. ఛాసిస్‌లో, బాడీ షెల్‌లో, ఇంజన్‌లో మార్పుల వంటి పెద్ద మరమ్మతు జరిగి ఉండకూడదు. కొత్తగా రిజిస్టరయ్యే వాటికి వీఏ అక్షరాలతో ప్రత్యేకమైన నెంబరిస్తారు. మా బండికి 2025తో యాభై నిండాయి. "నాయిన జ్ఞాపకం అక్కా. ఒరిజినల్‌గా ఉండాలె. నేలంతా కోసేస్తే ఇంకేం ఒరిజినల్?" అన్నాడు. అంతకుముందు అతను చూపించిన ఇంకో షాపువాళ్ళు తేలిక మార్గం చెప్పారు: రంధ్రాల మీద చిన్న రేకు ముక్కలు పెట్టి, పైన పుట్టీ పామి, నల్లటి కోటింగ్ కొట్టేస్తే ఎవరికీ తెలియదు అని.

ఈ మిస్త్రీ అందుకు ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన కారణం నాకు ఆ తర్వాత చాలా రోజులు పనికొచ్చింది.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళినవాళ్ళు అక్కడ నిజాముల పసుపురంగు రోల్స్ రాయిస్‌ని చూసే ఉంటారు. 1911లో చనిపోయిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. ఆ కాలపు కార్లకు అడుగున బలమైన ఉక్కు చట్రం విడిగా ఉండేది. ఇంజనూ చక్రాలూ దానికే బిగించేవారు. పైనుండే శరీరం అలంకారం, హోదా. నేల చెడిపోతే చట్రానికి ఏమీ కాదు. పద్మిని అలాంటిది కాదు. ఫియట్ 1100 నమూనా మీద బొంబాయి కుర్లాలో తయారైన ఈ మధ్యతరగతి బండికి వేరే చట్రం లేదు. నేల రేకు, రెండు పక్కలా సిల్సు, పైకప్పు, స్తంభాలు అన్నీ కలిసి ఒకటే గుల్లగా బరువు మోస్తాయి. గడపే ఇక్కడ దూలం. అది పుచ్చిపోతే బండి నడుములో కుంగుతుంది. మొదట తలుపులు సరిగ్గా పడవు. తర్వాత ఏ గుంతలోనో వంగిపోతుంది, పక్కనుంచి ఎవరైనా గుద్దితే లోపలున్న మనిషికీ రోడ్డుకీ మధ్య అడ్డేమీ ఉండదు. "పుట్టీ కంటికి పనిచేస్తది మేడం, బరువుకి పనిచెయ్యది" అన్నాడు మిస్త్రీ.

రాజుల ఇళ్ళకు విడిగా చట్రాలుంటాయేమో. మామూలు ఇళ్ళల్లో కాళ్ళ కింద ఉన్నదే బరువు మోస్తుంది. కాళ్ళ కింద ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ చూడరు.

రేకులు మార్చాక కూడా అది అదే కారా అన్న ప్రశ్న పాతదే. ప్లూటార్క్ థీసియస్ జీవితం రాస్తూ, అతను క్రీట్ నుంచి తిరిగొచ్చిన ఓడని ఏథెన్స్ వాళ్ళు పుచ్చిన పలక తీసి కొత్త పలక వేస్తూ తరాలపాటు కాపాడారనీ, అది అదే ఓడా కాదా అని తాత్వికులు వాదించుకునేవారనీ చెప్పాడు. 1655లో హాబ్స్ దానికి ఇంకో మెలిక పెట్టాడు. తీసేసిన పాత పలకలన్నీ ఎవరో దాచి, అదే వరసలో మళ్ళీ ఓడ కడితే, రెండింట్లో అసలు ఓడ ఏది? తత్వశాస్త్రం క్లాసుల్లో ఇప్పటికీ దీన్ని పిల్లల చేత వాదింపజేస్తారు. నేనూ వాదించాను.

వాదించిన రోజుల్లో నాకు తట్టని విషయం ఒకటుంది. క్రీట్‌లోని చిక్కుదారుల కొట్టంలోంచి థీసియస్‌ని బయటపడేసిన దారం అరియాడ్నీ ఇచ్చింది. తిరుగు ప్రయాణంలో అతను ఆమెను నాక్సోస్ దీవిలో వదిలేసి వచ్చాడని ఎక్కువమంది చెప్పే కథ. ప్లూటార్కే ఆ కథకున్న రకరకాల రూపాలు రాశాడు. అంటే వీరుడి గుర్తుగా ఊరు ఊరంతా కలిసి పలక పలకా మార్చి కాపాడిన ఓడ, ఆమె లేకుండా తిరిగొచ్చిన ఓడ. ఓడ అదేనా కాదా అని ఇన్ని శతాబ్దాలు అడిగారు. ఆ ఓడని ఎవరి జ్ఞాపకంగా కాపాడుతున్నారు, ఎవరిని మరిచిపోవడానికి కాపాడుతున్నారు అని ఆ క్లాసుల్లో ఎవరూ అడగలేదు. "నాయిన జ్ఞాపకం" అని తమ్ముడన్నప్పుడు నాకు ఆ దీవి గుర్తొచ్చింది.

మన వైపు ఇదే ప్రశ్న రథంగా వచ్చింది. మిళిందపన్హలో నాగసేనుడు గ్రీకు రాజు మినాండర్‌ని అడుగుతాడు: ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని. ఏదీ కాదు, అన్నీ కూడినప్పుడు మనం పెట్టుకున్న పేరు రథం. ఈ ఉపమానం నాగసేనుడిదని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ గ్రంథంలో ఆయనే చెప్పుకుంటాడు, ఇది వజిర అనే భిక్షుణి అన్న మాట అని. సంయుత్త నికాయంలో భిక్షుణుల భాగం ఉంది. అందులో మారుడు వజిర దగ్గరికొచ్చి ఈ ప్రాణిని చేసిందెవరు, ఎక్కణ్ణుంచి వచ్చింది అని గద్దిస్తాడు. భాగాలు కూడితే రథమన్నట్టే, ఇక్కడున్నది ఒక కూడిక, ప్రాణి అన్నది వాడుక మాట అని ఆమె జవాబిస్తుంది. మారుడు ఓడి వెళ్ళిపోతాడు. ఒంటరిగా ధ్యానానికి కూర్చున్న స్త్రీని భయపెట్టడానికి వచ్చినవాడు అడిగిన ప్రశ్న అది. నాగసేనుడికి అది రాజాస్థానంలో వాదం, వజిరకి ఆత్మరక్షణ.

వజిర మాటను నేను ఇలా అర్థం చేసుకున్నాను. పేరు వాడుక మాత్రమే అయితే, తర్వాత అడగాల్సింది ఆ వాడుక మీద అధికారం ఎవరిది అని. మా కారు అదే కారని ఎవరు చెబుతారు? రవాణా శాఖ చెబుతుంది. దానికి నేలతో పని లేదు, ఛాసిస్ నెంబరూ ఇంజన్ నెంబరూ కావాలి. నెంబరు చెక్కి ఉన్న ముక్క నిలిచినంత కాలం మిగతా రేకులు ఎన్ని మారినా ఆర్‌సీలో బండి అదే.

వంశం కూడా ఇలాంటి బండే. ప్రతి తరంలోనూ బయటి నుంచి ఒక స్త్రీని తెచ్చి అతుకుతారు. ఆమె ఇంటిపేరు మారుతుంది. మా అమ్మకైతే పెళ్ళిలో అసలు పేరే మార్చారు. కాళ్ళ కింద ఉండి బరువు మోస్తుంది. పుచ్చిపోతే ఇంకొకరు వస్తారు. నెంబరు మాత్రం మగపిల్లల మీద చెక్కి ఉంటుంది, కాబట్టి వంశం "అదే" వంశం. వంశం నిలబడిందంటాం గాని నిలబెట్టిన ముక్కలన్నీ మారిపోయాయని అనం. అమ్మ పుట్టింట్లో పిలిచిన పేరు నాకు పదహారేళ్ళు వచ్చేదాకా తెలియదు.

పాత కార్ల బజారు మాటలు ఒకసారి వినండి. ఒరిజినల్. టచ్ చేయనిది. సింగిల్ హ్యాండ్. ఫస్ట్ ఓనర్. ఎక్కడా దెబ్బ తగల్లేదు. ఈ భాష మనకి కొత్తా? పెళ్ళిచూపుల్లో ఇదే భాష కాస్త మర్యాదగా మాట్లాడతారు. రెండో పెళ్ళి స్త్రీ గురించి కొంచెం మర్యాద తగ్గించి మాట్లాడతారు. ఇక బండి పేరు పద్మిని. కంపెనీ వాళ్ళకి చిత్తూరు రాణి. 1540లో జాయసీ రాసిన కావ్యంలో మనకి మొదటగా కనిపించి, పరాయి మగవాడి చేతికి చిక్కకుండా మంటల్లోకి నడిచిన రాణి. మన కామశాస్త్రాల వాళ్ళకి పద్మిని నాలుగు జాతుల స్త్రీలలో మొదటి రకం, మచ్చలేని శరీరం. ఏ రకంగా చూసినా ఆ పేరు నీ విలువంతా నువ్వు చెక్కుచెదరకుండా ఉండటంలోనే ఉందని చెబుతుంది. నేల పుచ్చిన పద్మినిని పుట్టీతో కప్పి ఒరిజినల్ అని చెప్పుకోవడం ఆ పేరుకి తగిన పనే.

ఇంతదాకా నేను తమ్ముడి మీద కేసు నడుపుతున్నాను. ఇప్పుడు నా మీద.

ఆ వారం ఇంట్లో అమ్మకి నా ఆలోచన చెప్పాను. ఆ వెనక రేకు నీ కష్టానికి గుర్తు, దాన్ని అలాగే ఉంచి, పైన ఏదైనా వేసి కాపాడదామన్నాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"నా కష్టం ఆడ ఉన్నదా? కష్టం నీ చదువుల ఉన్నది బిడ్డా. ఆడ ఉన్నది నీళ్ళు. మ్యాట్ ఎత్తి ఆరబెట్టుమని మీ నాయినకు ఎన్నిసార్లు చెప్పిన్నో. ఎవ్వలు ఎత్తలే. అందుకే పాడైంది. గది గుర్తంటే ఎట్ల?"

తర్వాత కాసేపాగి, "నీకది కథ. నాకు చలికాలం పొద్దుగాల తడికాళ్ళు" అంది.

నాకు సిగ్గేసింది. స్త్రీల జీవితాల మీద పరిశోధన చేసే మాకు ఒక అలవాటుంది. గాయాన్ని ఆధారంగా చూస్తాం, ఆధారమనగానే పవిత్రమైపోతుంది. మానకూడదనిపిస్తుంది. తుప్పు అమ్మ శ్రమకి గుర్తు కాదు. శ్రమ జరుగుతున్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు చూపిన నిర్లక్ష్యానికి గుర్తు. రెండింటినీ కలిపేసి ఆమె త్యాగానికి స్మారకం కట్టబోయాను. తమ్ముడు నాయిన కోసం పుట్టీ పెడతానన్నాడు, నేను అమ్మ కోసం తుప్పు దాస్తానన్నాను. ఇద్దరమూ బండిని బరువు మోయలేని స్థితిలోనే ఉంచబోయాం. అందులో కూర్చోవాల్సిన మనిషిని ఇద్దరం అడగలేదు.

అలాగని చరిత్రను తుడిచేయాలా? ఈ ప్రశ్నకి కట్టడాల సంరక్షకులు ఒక పద్ధతి చెప్పారు. 1964 వెనిస్ చార్టర్ ప్రకారం, పోయిన భాగం స్థానంలో కొత్తది పెట్టొచ్చు, అది మొత్తంలో కలిసిపోవాలి, కాని దగ్గరగా చూసినవాళ్ళకి కొత్తదని తెలియాలి. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలి. రాతి కట్టడాల కోసం చెప్పిన ఈ మాటలో నాకు నైతిక సూత్రం కనిపించింది. మార్చడంలో అబద్ధం లేదు. మార్చలేదని నటించడంలో ఉంది. అదే లెక్కన, విరిగిన జీవితాన్ని కొత్త ఆధారాలతో నిలబెట్టుకున్న స్త్రీ "అసలు మనిషి" కాకుండా పోదు. ఏమీ జరగలేదని చెప్పమని ఆమెను ఒత్తిడి పెట్టేవాళ్ళే ఆమెను నకిలీ చేస్తారు.

కోయడానికి ఒప్పుకున్నాం. తమ్ముడు ఒక్కసారిగా ఒప్పుకోలేదు. అమ్మ అతన్ని ఒకటే అడిగింది: ఆ వీఏ నెంబరు వస్తే బండిల నేను మహేశ్వరం పోవచ్చునా అని. మహేశ్వరం ఆమె పుట్టినూరు. వింటేజ్‌గా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకి, పెట్రోలుకి తప్ప రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదని నియమం. తమ్ముడు ఆ మాట చెప్పాడు. "అయితే అది బొమ్మ. బొమ్మకు గడప దేనికి?" అంది అమ్మ. గౌరవించి గదిలో పెట్టడం ఎలాంటిదో ఆ తరం స్త్రీలకి ఎవరూ వివరించక్కర్లేదు.

పని మొదలైన రోజు నేను దగ్గరుండి చూశాను. అంతకుముందు నేననుకున్నది, పుచ్చిన భాగం కోసేసి కొత్తది అతుకుతారని. మిస్త్రీ మొదటి రోజు ఏమీ కోయలేదు. సీట్లు, మ్యాట్లు తీసి, బ్యాటరీ విప్పి, పెట్రోలు ట్యాంకు దింపాడు. బండిని చదునుగా స్టాండ్ల మీద నిలబెట్టాడు. తలుపు సందుల వెడల్పు నాలుగు చోట్ల కొలిచి గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. తర్వాత తలుపులున్న ఖాళీల్లో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి చదరపు ఇనుప పైపులు అడ్డంగా వెల్డ్ చేశాడు. ఇవెందుకని అడిగాను. గడప కోసినప్పుడు బండి కుంగకుండా అన్నాడు. పుచ్చినదైనా ఇన్నాళ్ళు ఎంతో కొంత మోసింది కదా, తీసేస్తే ఆ బరువు ఎక్కడికి పోతుంది? రెండు పక్కలా ఒకేసారి కోయకూడదట. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క.

ఇది విన్నాక నాకు మన సభల్లో మనం మాట్లాడే మాటలు గుర్తొచ్చాయి. గడప దాటి రమ్మని ఎంతో మందికి చెప్పాం, రాశాం. ఆ మాట తప్పు కాదు. కాని పుచ్చిన సంసారం కూడా ఆమె బరువు కొంత మోస్తోందనీ, దాన్ని కోసే ముందు అడ్డంగా నిలిచే పైపులు కావాలనీ ఎన్నిసార్లు ఆలోచించాం? అద్దె కట్టే జీతం, ఆరు నెలలు తలదాచుకునే ఇల్లు, కోర్టుకి తోడొచ్చే మనిషి. అవి లేకుండా ఇచ్చిన సలహా పాటించి కుంగిపోయిన స్నేహితురాలు నాకుంది. ఆ సలహా ఇచ్చినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

తర్వాత కోత. స్పాట్ వెల్డింగ్ చుక్కలను ఒక్కొక్కటిగా డ్రిల్లుతో ఊడదీసి, గ్రైండర్‌తో పుచ్చు దాటి మంచి ఇనుము తగిలేదాకా కోశాడు. కనిపించిన రంధ్రం అరచేతంత, తీసిన రేకు తలుపంత. పుచ్చిన అంచుకి వెల్డింగ్ నిలవదు, కరిగి ఇంకా పెద్దదవుతుంది. అట్టతో నమూనా కోసుకుని, కొత్త రేకును దాని ప్రకారం వంచాడు. అతుకులు పడే చోట జింకు ప్రైమర్ పూశాడు. వెల్డింగ్ ఒకే గీతగా లాగలేదు. ఇక్కడో చుక్క, దూరంగా అక్కడో చుక్క, మధ్యలో చల్లారనిచ్చి మళ్ళీ. వేడి ఒకేచోట పెడితే రేకు మెలితిరుగుతుందట. చివర్లో అతుకుల్లో సీలెంటు, పైన రెడాక్సైడు, కింద కోటింగు, సిల్ లోపల మైనం స్ప్రే. తూములు తెరిచి ఉన్నాయో లేదో తీగ పెట్టి చూశాడు. "ఇవి మూసుకుంటే మళ్ళ ఇదే కథ" అన్నాడు.

ఆ తూముల దగ్గరే మా ఇంటి రెండో కథ బయటికొచ్చింది. నాయిన పోయాక ఆర్‌సీ మార్చాలి. యజమాని చనిపోతే వారసుల పేరుకి మార్చడానికి ఫారం 31 ఉంది. ఎప్పుడో చేయాల్సింది, చేయలేదు. తమ్ముడు కాగితాలు తెచ్చి, తన పేరున రాయడానికి అమ్మనీ నన్నూ సంతకాలు పెట్టమన్నాడు. అతని మనసులో దురాశ లేదు. అలా కాకుండా ఇంకోలా జరగొచ్చని అతనికి తట్టలేదు, అంతే.

సంతకమంటే మా ఊళ్ళో ఆడవాళ్ళకి తెలుసు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. దానికి ముందూ వెనకా ఔటర్ రింగ్ రోడ్డు, ఫ్యాబ్ సిటీ అంటూ భూముల ధరలు లేచిన ఏళ్ళలో, పెళ్ళయిపోయిన మేనత్తలందరూ ఒక్కొక్క రోజు పుట్టింటికి వచ్చారు. పసుపు కుంకుమ, చీర పుచ్చుకుని సంతకం పెట్టి వెళ్ళారు. అప్పటికే 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టసవరణ పెళ్ళికాని ఆడపిల్లలకు సమాన వాటా ఇచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్ళకు హక్కు వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని స్పష్టం చేసింది. చట్టం మారింది, పైన పెయింట్ కొత్తది. లోపల తూములు మూసుకునే ఉన్నాయి. అన్నదమ్ములతో మాటపట్టింపు వస్తుందనీ, పుట్టింటి గడప మూసుకుపోతుందనీ భయం. ఆ భయంతో పెట్టిన సంతకాల మీద మా ఊరి కొత్త నేల పరిచారు. ఇప్పుడు ఔటర్ మీద ఆకుపచ్చ బోర్డు పైన రావిర్యాల అని ఉంటుంది. 2016లో వచ్చిన వండర్‌లాకి పిల్లల్ని తీసుకుని జనం ఆ ఎగ్జిట్ దగ్గరే దిగుతారు. పేరు అదే. కొత్తిమీర పండిన మళ్ళు లేవు. ఇది అదే ఊరా అని అడిగే ముందు, దీని ముక్కలు ఎవరి చేత సంతకం చేయించి మార్చారని అడగాలనిపిస్తుంది.

నేను సంతకం పెట్టనన్నాను. బండి అమ్మ పేరున ఉండాలన్నాను. తమ్ముడు నొచ్చుకున్నాడు. "పాత బండి కోసం ఇంత రాద్ధాంతమా అక్కా?" అన్నాడు. పాతదే కాబట్టి, డబ్బుకి పెద్దగా కొరగాదు కాబట్టి, ఇక్కడన్నా మొదలుపెట్టకపోతే ఎక్కడ మొదలుపెడతాం అన్నాను. పదిహేను రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు తనే కాగితం నింపి తెచ్చాడు, అమ్మ పేరుతో. అమ్మ సంతకం పెట్టేముందు ఇంటిపేరు దగ్గర కాసేపు ఆగింది. తర్వాత పెట్టింది. ఏం ఆలోచించిందో నేను అడగలేదు.

వింటేజ్ గుర్తింపుకి మేం దరఖాస్తు పెట్టలేదు. మామూలు బండిగానే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి పెడుతున్నాం. నేల మార్చామని, సిల్సు మార్చామని ఎవరడిగినా చెబుతాం, ఫొటోలున్నాయి. కొత్త రేకు లోపలి వైపు, మ్యాట్ ఎత్తితే కనబడేలా, మార్చిన తేదీ వేయమని మిస్త్రీని అడిగాను. వేశాడు.

బండి తేవడానికి వెళ్ళిన రోజు అడ్డ పైపులు కోసేశారు. అమ్మ వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, ఆగి, ముందు తలుపు తీసింది. కాలు గడప మీద పెట్టకుండా దాటించి లోపల కూర్చుంది. ఇంటి గడప మీద కాలు పెట్టొద్దని అలవాటైన శరీరం. తలుపు వేసింది. మునుపు రెండుమూడు సార్లు గుంజితే గాని పడని తలుపు ఒక్కసారికే పడింది.

తీసేసిన రేకుల్లో ఒక ముక్క నేను తెచ్చుకుని, నా పుస్తకాల బీరువా పైన పెట్టాను. ఎర్రటి పొడి రాలుతూనే ఉంటుంది. మొన్న అమ్మ వచ్చినప్పుడు చూసి, "ఇదింక పారెయ్యలేదా, పాతిన్ప సామానోనికి ఎయ్యి" అంది. వేస్తానన్నాను. ఇంకా వేయలేదు. దాన్ని ఎందుకు ఉంచుకున్నానో, అది ఆమె కోసమో నా కోసమో, ఈ వ్యాసం రాశాక కూడా నాకు పూర్తిగా తేలలేదు.